కొత్త లారీ మొరాయించినపుడు

చక్రముల క్రింద నిమ్మకాయలు తొక్కించి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి రోడ్డెక్కించిన కొత్త లారీ మూడవ నెలలోనే మొరాయించినచో, దాని యజమానికి నిద్ర పట్టదు. లారీ ఆగినను నెలసరి వాయిదా ఆగదు. పైగా పాత బండి చెడిపోయినచో కారణము ఊహించుట సులభము. కొత్త బండి చెడిపోయినచో ఎవరికి తోచిన కారణము వారు చెప్పుదురు.

అట్టి లారీ నొకదానిని ఊహించుకొందము. సిమెంటు బస్తాలతో కలిపి మొత్తము 16 టన్నుల బరువుతో అది దోర్నాల దాటి, శ్రీశైలము పోవు నల్లమల ఘాటురోడ్డు ఎక్కుచున్నది. డ్రైవరు చెప్పు ఫిర్యాదులు రెండు. మొదటిది: మూడవ గేరు నుండి రెండవ గేరునకు మార్చబోయినచో కరకరమని శబ్దము వచ్చుచున్నది, గేరురాడ్డు పడుటలేదు. రెండవది: వెనుకటి నెలలో మూడవ గేరులోనే ఎక్కిన మిట్టను ఇంజను ఇప్పుడు ఎక్కలేక, రెండవ గేరు అడుగుచున్నది. దారిపక్కన చేరిన వారిలో ఒకరు గేరుబాక్సు పోయినదనిరి. మరియొకరు పంపు పోయినదనిరి. ఈ రోజులలో వచ్చు సరుకే అట్లున్నదని మూడవవారు తేల్చిరి. ముగ్గురును రోగము పేరు చెప్పిరి గాని, దానిని ఎట్లు తెలిసికొనిరో ఎవరును చెప్పలేదు.

యంత్రములో లోపమును కనుగొనుటకు ఒక క్రమమున్నది. శక్తి ఎక్కడ పుట్టి, ఏ మార్గమున పోయి, ఎక్కడ పని చేయుచున్నదో మొదట తెలిసికొనవలెను. తరువాత ఆ మార్గమును ఒక్కొక్కచోట తెంచి, లోపము తెంపునకు ఇవతల నిలిచినదా, అవతల నిలిచినదా అని చూడవలెను. ప్రయోగశాలలో వెలుగని బల్బును పట్టుకొని విద్యుత్ వలయమును పరీక్షించు విద్యార్థి చేయునది ఈ పనియే. ఏ భాగమునైనను విప్పుట ఈ పరీక్షలు ముగిసిన తరువాతి మాట.

శక్తి నడచు దారి

లారీలోని డీజిలు ఇంజనునకు నిప్పురవ్వ అక్కరలేదు. సిలిండరులోనికి పీల్చిన గాలిని పిస్టను సుమారు 16 మొదలు 18వ వంతునకు నొక్కివేయును. సైకిలు పంపు కొట్టునపుడు దాని అడుగుభాగము వేడెక్కుట అందరును ఎరిగినదే. ఇక్కడ ఆ వేడి 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటును. ఆ క్షణమున సన్నని తుంపరగా చిమ్మిన డీజిలు తనంతట తానే మండును. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున నడిపించి చూపిన ఇంజను సూత్రము ఇదియే. కనుక డీజిలు ఇంజను సక్రమముగా పనిచేయుటకు ముఖ్యముగా మూడు కావలెను: చాలినంత గాలి, చాలినంత ఒత్తిడి, తగిన సమయమున తగినంత నూనె. ఇంజను బలము తగ్గినపుడు వెదకవలసినదియు ఈ మూడింటి లోనే.

మంట వలన పిస్టను కదలును. దాని కదలిక క్రాంకు షాఫ్టును త్రిప్పును. షాఫ్టు చివర ఫ్లైవీలు అను బరువైన చక్రముండును. ఫ్లైవీలును ఆనుకొని క్లచ్చి బిళ్ల ఉండును. డ్రైవరు పెడలు తొక్కనంతసేపు స్ప్రింగుల ఒత్తిడికి బిళ్ల ఫ్లైవీలునకు గట్టిగా అంటుకొని, దానితోపాటు తిరుగును. పెడలు తొక్కగనే రెండును విడిపోవును. క్లచ్చి నుండి గేరుబాక్సు, అక్కడనుండి ప్రొపెల్లరు షాఫ్టు, డిఫరెన్షియలు, కడకు వెనుక చక్రములు. ఇది శక్తి నడచు దారి. ఈ దారిని డ్రైవరు రెండు చోట్ల తెంచగలడు: క్లచ్చి తొక్కి ఒకచోట, గేరును న్యూట్రలులో ఉంచి మరియొకచోట. ఇట్టి తాళములు రెండు చేతిలో నుండగా, లోపము ఏ గదిలో ఉన్నదో తెలియుటకు గదులన్నియు పగులగొట్టనక్కరలేదు.

గేర్లు ఎందుకు?

మొదట కొంచెము లెక్క చూతము. లారీ చక్రము అడ్డుకొలత సుమారు 1 మీటరు అనుకొందము. అప్పుడు చుట్టుకొలత 3.14 మీటర్లు. లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నచో నిమిషమునకు 1,000 మీటర్లు పోవును. అనగా చక్రము నిమిషమునకు సుమారు 318 మార్లు తిరుగును. అదే సమయమున ఇంజను 1,900 మార్లు తిరుగుచుండును. ఈ రెండింటికి ఉన్న నిష్పత్తి సుమారు 6. ఆ తగ్గింపు డిఫరెన్షియలులోని పండ్లచక్రముల వలన కలుగును.

వేగము 6 రెట్లు తగ్గినచో త్రిప్పుబలము 6 రెట్లు పెరుగును. మీట పొడవైన కొననుండి నొక్కి పెద్ద బండను లేపునట్లే, పండ్లచక్రములు వేగమును ఇచ్చి బలమును కొనును. ఇంజను త్రిప్పుబలము 500 న్యూటను-మీటర్లు అనుకొన్నచో, చక్రము వద్ద అది 3,000 అగును. చక్రపు వ్యాసార్ధము అర మీటరు కనుక నేలను వెనుకకు నెట్టు బలము 6,000 న్యూటనులు. చదును నేలపై పోవుటకు ఇది చాలును.

ఇప్పుడు ఘాటు ఎక్కుదము. ప్రతి 15 మీటర్లకు 1 మీటరు ఎత్తు లేచు వాలుపై 16 టన్నుల లారీని వెనుకకు లాగు బలము సుమారు 10,500 న్యూటనులు. టైర్లు దొర్లుటకు కావలసిన 1,500 కలిపినచో 12,000. కనుక 6,000 న్యూటనులతో లారీ ముందుకు కదలదు. ఇక్కడ గేరుబాక్సు ఆదుకొనును. మన లారీలో నాలుగవ గేరు త్రిప్పుబలమును 1.5 రెట్లు, మూడవది 2.5 రెట్లు, రెండవది 4 రెట్లు, మొదటిది 7 రెట్లు పెంచుననుకొందము. నాలుగవ గేరులో 9,000 న్యూటనులు వచ్చును, చాలదు. మూడవ గేరులో 15,000 వచ్చును. ఘర్షణ వలన పదవ వంతు పోయినను 13,500 మిగులును, మిట్ట ఎక్కును.

ఇంజను బలములో నాలుగవ వంతు మాత్రమే తగ్గినదనుకొందము. మూడవ గేరులో మిగులు బలము సుమారు 10,100. కావలసినది 12,000. లారీ ఎక్కలేదు, రెండవ గేరు కోరును. ఇంజను నాలుగవ వంతు బలమును పోగొట్టుకొన్న సంగతి చదును నేలపై డ్రైవరునకు తెలియకపోవచ్చును. కాని ఘాటుపై అది ఒక గేరు తేడాగా బయటపడును. మన డ్రైవరు రెండవ ఫిర్యాదునకు ఈ లెక్క సరిపోవుచున్నది. గేర్లు చేయవలసిన పని చేయుచునే ఉన్నవి. వానికి చేరవలసిన బలమే తగ్గినది.

కరకర శబ్దము

మొదటి ఫిర్యాదు గేరు మార్పునకు సంబంధించినది. మూడవ గేరులో ఇంజను నిమిషమునకు 1,200 మార్లు తిరుగుచున్నపుడు రెండవ గేరునకు మారవలెనన్నచో, గేరుబాక్సులోని లోపలి షాఫ్టు వేగము 4కు 2.5 నిష్పత్తిలో పెరిగి 1,920 కావలెను. వేగములు కలియక ముందే పండ్లు కలిపినచో ఒకదానినొకటి కొరుకును. కరకర శబ్దము అదియే.

తొలి రోజుల లారీలలో వేగములను కలుపు పని డ్రైవరుదే. క్లచ్చి తొక్కి న్యూట్రలు చేసి, క్లచ్చి వదలి ఇంజను వేగము పెంచి, మరల క్లచ్చి తొక్కి గేరు వేయవలసియుండెడిది. 1928లో అమెరికాలోని క్యాడిలాక్ కార్లలో సింక్రోమెష్ అను అమరిక వచ్చినది. ఇందులో పండ్లు కలియుటకు ముందు శంకువు ఆకారము గల ఇత్తడి వంటి లోహపు ఉంగరము గేరును ఒరసికొని, ఘర్షణచే రెండింటి వేగములను సమానము చేయును. వేగములు సమానము కానంతవరకు అది రాడ్డును ముందుకు పోనీయదు. కనుక రాడ్డు ఒక్క క్షణము బిగిసినట్లుండుట లోపము కాదు. ఉంగరము తన పని చేయుచున్నదని గుర్తు.

ఈ చిన్న ఉంగరము త్రిప్పగలిగినది క్లచ్చి బిళ్లను, దానిని మోయు షాఫ్టును, వానితో కూడిన చక్రములను మాత్రమే. అవి తేలికైనవి. క్లచ్చి పూర్తిగా విడిపోక బిళ్ల ఫ్లైవీలును ఇంకను కొంచెము రాచుకొనుచున్నచో, ఆ ఉంగరము మొత్తము ఇంజనుతో కుస్తీ పట్టవలసి వచ్చును. అప్పుడు అది ఓడును. శబ్దము గేరుబాక్సులో పుట్టును. తప్పు మాత్రము క్లచ్చిలో ఉండును. వినబడిన చోటనే లోపమున్నదని తీర్మానించుట ఎంత ప్రమాదమో దీనివలన తెలియుచున్నది.

రెండు తాళములతో పరీక్ష

లారీని చదునైన చోట ఆపి, చేతిబ్రేకు వేసి, చక్రములకు అడ్డురాళ్లు పెట్టి, ఇంజనును నెమ్మదిగా తిరుగనిచ్చి ఈ పరీక్షలు చేయవచ్చును.

గేరు న్యూట్రలులో ఉంచి, క్లచ్చి పెడలు వదలి వినవలెను. తరువాత పెడలు పూర్తిగా తొక్కి మరల వినవలెను. పెడలు తొక్కగనే శబ్దము ఆగినచో, అది గేరుబాక్సు లోపలి షాఫ్టు వలన గాని, దానితో తిరుగు చక్రముల వలన గాని వచ్చుచున్నది. ఏలయన తొక్కినపుడు నిలిచిపోయినవి అవియే. తొక్కినపుడు మాత్రమే శబ్దము మొదలైనచో, క్లచ్చిని విడదీయు బేరింగును అనుమానింపవలెను. రెండు స్థితులలోను మారక ఒకే శబ్దము వచ్చుచున్నచో, అది క్లచ్చికి ఇవతలనే, అనగా ఇంజను వైపున ఉన్నది.

లారీ నడచునపుడు మరికొన్ని సాక్ష్యములు దొరకును. ఒక్క గేరులో మాత్రమే రొద వచ్చినచో ఆ గేరు జతనే చూడవలెను. క్రింది గేర్లన్నిటిలో రొద వచ్చి, ఒకటికి ఒకటిగా సూటిగా పోవు పై గేరులో తగ్గినచో, ప్రక్క షాఫ్టు గాని దాని బేరింగులు గాని కారణము కావచ్చును. సూటి గేరులో ఆ షాఫ్టు తిరుగునే గాని బరువు మోయదు. గేరుతో పని లేకుండ లారీ వేగమును బట్టి మాత్రమే శబ్దము హెచ్చుతగ్గులగుచున్నచో, గేరుబాక్సునకు అవతలి ప్రొపెల్లరు షాఫ్టు, డిఫరెన్షియలు, చక్రముల బేరింగులు పరీక్షింపవలెను.

క్లచ్చి పూర్తిగా విడిపోవుచున్నదా లేదా తెలిసికొనుటకు వేరొక సులువైన పరీక్ష ఉన్నది. ఆగియున్న లారీలో పెడలు అడుగంట తొక్కి, కొన్ని సెకనులు ఆగి, రివర్సు గేరు వేయవలెను. చాల లారీలలో రివర్సునకు సింక్రోమెష్ ఉండదు. క్లచ్చి సరిగా విడిపోయినచో లోపలి షాఫ్టు ఈలోగా నిలిచిపోయి, గేరు చప్పుడు లేకుండ పడును. ఎంతసేపు ఆగినను కరకరమన్నచో క్లచ్చి విడువలేదన్నమాట. అప్పుడు పెడలు ఎంత దూరము దిగుచున్నది, హైడ్రాలిక్ గొట్టములో గాలి చేరినదా, ద్రవము తగ్గినదా, ఎక్కడైనను కారుచున్నదా అని చూడవలెను. ఇవన్నియు బయటినుండి కనబడునవే. గేరుబాక్సు దింపుటతో పోల్చినచో వీనికి పట్టు కాలము చాల తక్కువ.

క్లచ్చి విడువకపోవుట ఒక లోపమైనచో, పట్టకపోవుట దానికి పూర్తిగా వ్యతిరేకమైన లోపము. మిట్టపై యాక్సిలరేటరు తొక్కగా ఇంజను వేగము పెరిగి, లారీ వేగము పెరుగనిచో బిళ్ల జారుచున్నది. కాలిన వాసన దీనికి తోడగును. దీనిని ఇంజను బలహీనతగా భ్రమపడరాదు. బలహీనమైన ఇంజను వేగము పడిపోవును. క్లచ్చి జారిన లారీలో ఇంజను వేగము లేచిపోవును. పెడలుపై ఎల్లప్పుడును కాలు ఆనించి నడపు అలవాటు ఈ లోపమును త్వరగా తెచ్చును.

ఇంజను బలము తగ్గినచో

నూనె, గాలి, ఒత్తిడి అను మూడింటిని వరుసగా విచారింపవలెను. కొత్త ఇంజనులో ఒత్తిడి తగ్గుట అరుదు. నూనె, గాలి దారులలో అడ్డు ఏర్పడుట సామాన్యము. కనుక విచారణ అక్కడనే మొదలు కావలెను.

ఆగియున్న లారీలో యాక్సిలరేటరు తొక్కి, "ఇంజను బాగుగనే మ్రోగుచున్నది" అని తృప్తి పడుట చాలదు. ఖాళీగా తిరుగు ఇంజనునకు గంటకు కొద్ది లీటర్ల డీజిలు చాలును. నిండు బరువుతో ఘాటు ఎక్కునపుడు దానికి పది రెట్లకు పైగా కావలెను. సగము పూడిన ఫిల్టరు మొదటి అవసరమును తీర్చగలదు, రెండవదానిని తీర్చలేదు. గొంతు సన్నని కూజానుండి గ్లాసెడు నీరు వంచుకొనుట కష్టము కాదు. బిందె నింపవలసినపుడే దాని సన్నదనము తెలియును.

కొత్త లారీలో ఫిల్టరు అంత త్వరగా ఎట్లు పూడునని అడుగవచ్చును. బండి కొత్తదైనను అందులో పోయు డీజిలు కొత్త బండిని చూచి శుభ్రపడదు. పీపాలలో నిలువ ఉంచిన డీజిలులో దుమ్ము, తుప్పు, నీరు చేరును. నీరు డీజిలు కంటె బరువైనది కనుక అడుగున చేరును. ఫిల్టరు క్రింద నీరు వేరుపడు గిన్నె ఉండుట అందుకొరకే. దానిని కంపెనీ పుస్తకములో చెప్పిన గడువున ఖాళీ చేయవలెను.

పొగగొట్టము కూడ కొంత సాక్ష్యము చెప్పును. నల్లని పొగ కాలని కర్బనపు మసి. గాలి తక్కువై గాని, నూనె ఎక్కువై గాని వచ్చును. నీలి పొగ ఇంజను ఆయిలు కాలుచున్నదని చెప్పును. తెల్లని పొగ మండని డీజిలు ఆవిరి గాని, సిలిండరులోనికి చేరిన నీటి ఆవిరి గాని కావచ్చును. చలి ఉదయమున ఇంజను మొదలిడిన కొద్ది నిమిషములు తెల్లని పొగ వచ్చి ఆగిపోయినచో భయపడనక్కరలేదు. రేడియేటరులో నీటి మట్టము తగ్గుచు, తెల్లని పొగ ఆగక వచ్చుచున్నచో మాత్రము ఇంజను నడపరాదు.

కొత్త ఇంజనులలో కొత్త సంగతి

భారతదేశమున 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి-6 ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. అందువలన ఆ తరువాత కొన్న డీజిలు లారీలో పాత మెకానిక్కులు ఎరుగని రెండు ఏర్పాట్లు సాధారణముగా కనబడును. ఒకటి మసిని పట్టు ఫిల్టరు. ఇది నిండినపుడు లోపలి వేడిని పెంచి మసిని కాల్చివేయును. ఎప్పుడును కొద్ది దూరములే తిరుగు లారీలో ఆ వేడి చాలక ఫిల్టరు నిండి, పొగ వెలువడు దారికి అడ్డుపడును. ఈ ఫిల్టరు ఉన్న లారీలో నల్లని పొగ కనబడదు కనుక, పొగ లేదని ఇంజను ఆరోగ్యమును నమ్మరాదు.

రెండవది నత్రజని ఆక్సైడులను విరిచివేయు ఏర్పాటు. నీటిలో 32.5 శాతము యూరియా కరిగించిన శుద్ధద్రవమును వేరొక టాంకులో పోసి, వేడి పొగలోనికి చిమ్ముదురు. యూరియా నుండి అమ్మోనియా పుట్టును. ఉత్ప్రేరకము సమక్షమున అమ్మోనియా, నత్రజని ఆక్సైడులతో కలిసి హానిలేని నత్రజనిగా, నీటిగా మారును. పొలమున చల్లు యూరియాను నీటిలో కలిపి ఇందులో పోయరాదు. అందలి మాలిన్యములు ఉత్ప్రేరకమును చెరచును. ఈ ద్రవమును డీజిలు టాంకులో పోయుట అంతకంటె పెద్ద తప్పు. పొరపాటున పోసినచో ఇంజను మొదలిడక ముందే టాంకు కడిగించవలెను.

ఈ ద్రవము అయిపోయినను, నాసిదైనను, మసి ఫిల్టరు నిండినను ఇంజను కంప్యూటరు మొదట దీపము వెలిగించి హెచ్చరించును. లెక్కచేయనిచో తానే ఇంజను బలమును తగ్గించివేయును. అనగా ఇంజను చెడలేదు, కట్టివేయబడినది. అట్టి ఇంజను పంపును విప్పిన మెకానిక్కు ఎంత నేర్పరియైనను అందులో లోపమును కనుగొనలేడు. కనుక కొత్త లారీ బలము తగ్గినపుడు మొట్టమొదట చూడవలసినది డాష్‌బోర్డు పైని దీపములను.

కంప్యూటరు చూపు సంకేతాంకమును కూడ తెలివిగా చదువవలెను. ఫలానా చోట పీడనము తక్కువగా ఉన్నదని అది చెప్పును. పంపు చెడినదా, గొట్టము పగిలినదా, పీడనమును కొలుచు సెన్సారు తీగె ఊడినదా చెప్పదు. జ్వరమాపిని 103 డిగ్రీలు చూపును; అది మలేరియాయో కాదో వైద్యుడు తేల్చవలసినదే.

చేయరాని పనులు

పాత ఇంజనులలో ఏ సిలిండరు పనిచేయుటలేదో తెలియుటకు, ఇంజను తిరుగుచుండగనే ఒక్కొక్క ఇంజెక్టరు గొట్టపు నట్టును వదులు చేసి చూచు అలవాటు షెడ్డులలో ఉండెడిది. నేటి కామన్ రైలు ఇంజనులలో ఇది ప్రాణాంతకము. ఆ గొట్టములలో డీజిలు పీడనము వాతావరణ పీడనమునకు 1,600 మొదలు 2,000 రెట్లు ఉండును. అందుండి చిమ్ము సన్నని ధార చర్మమును చీల్చుకొని లోపలికి పోగలదు. పైకి సూదిగ్రుచ్చినంత గాయమే కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఘాటు దిగునపుడు న్యూట్రలులో లారీని వదలరాదు. గేరులో నున్న ఇంజను తానే బ్రేకుగా పనిచేయును. న్యూట్రలులో మొత్తము భారము చక్రపు బ్రేకులపై పడి, అవి వేడెక్కి పట్టు తప్పును. గేరు సరిగా పడని లారీలో ఈ అపాయము రెట్టింపు. దిగువమార్గమున గేరు జారినచో మరల పడకపోవచ్చును. అందుచేత గేరు అనుమానముగా ఉన్న లారీని ఘాటు దింపక, పైననే ఆపి చూపించుకొనవలెను.

ఆగిపోయిన లారీని మరొక లారీకి కట్టి, వెనుక చక్రములు నేలపై దొర్లగా చాలదూరము లాగుట కూడ తగదు. గేరుబాక్సులోని ఆయిలును ఎగజిమ్మి బేరింగులకు అందించునది సాధారణముగా ఇంజనుతో తిరుగు ప్రక్క షాఫ్టు. ఇంజను ఆగినపుడు అది నిలిచిపోవును. చక్రములతో తిరుగు బయటి షాఫ్టు మాత్రము ఆయిలు లేక మాడిపోవును. ప్రొపెల్లరు షాఫ్టును విప్పి లాగినచో ఈ నష్టము ఉండదు.

ఆయిలు విషయమున "మంచిది" అను మాటకు అర్థము లేదు. "తగినది" అనుటయే సరి. డిఫరెన్షియలునకు మేలుచేయు గంధకపు సమ్మేళనములు గల కొన్ని ఆయిళ్లు సింక్రోమెష్ ఉంగరముల ఇత్తడిని తినివేయగలవు. కంపెనీ పుస్తకములో వ్రాసిన రకమునే పోయవలెను. తొలి సర్వీసులో గేరుబాక్సు ఆయిలు తీసినపుడు అడుగు మర అయస్కాంతమునకు సన్నని బూడిదరంగు పొడి అంటియుండుట సహజము. కొత్త పండ్లు ఒకదానికొకటి అలవాటు పడినపుడు రాలిన పొడి అది. వేలికి తగులు లోహపు ముక్కలు కనబడినచో మాత్రము లోపల ఏదో విరిగినది.

మరల ఘాటురోడ్డుపై

ఇప్పుడు మన లారీ వద్దకు పోదము. డాష్‌బోర్డుపై డీజిలులో నీరున్నదని తెలుపు దీపము రెండు దినములుగా వెలుగుచున్నది. గిన్నె మర విప్పగా ముందు నీరు, తరువాత మురికి డీజిలు వచ్చినవి. ఫిల్టరు మార్చి, దారిలోని గాలిని తీసివేయగనే మూడవ గేరులో మిట్ట ఎక్కినది. రెండవ ఫిర్యాదు తీరినది.

మొదటిదాని కొరకు రివర్సు పరీక్ష చేసిరి. కరకరమన్నది. క్లచ్చి విడుచుటలేదు. పెడలు క్రింద చేయి పెట్టి చూడగా, కొత్త బండి అని ముచ్చటపడి పరచిన దళసరి రబ్బరు చాప మడతపడి పెడలును అడుగంట దిగనీయుటలేదు. చాప తీసివేయగా రివర్సు చప్పుడు లేకుండ పడినది. రెండవ గేరును అట్లే పడినది.

ఈ రెండు లోపములకు సంబంధము లేకపోలేదు. చాప తొలినాటి నుండియు అక్కడనే ఉన్నది. ఇంజను బలముగా ఉన్నన్నాళ్లు మిట్టపై రెండవ గేరు అవసరము రాలేదు. వచ్చిన కొద్ది సందర్భములలో కరకరను ఎవరును పట్టించుకొనలేదు. ఫిల్టరు పూడి బలము తగ్గినపుడు మాటిమాటికి రెండవ గేరు వేయవలసి వచ్చి, దాగియున్న లోపము బయటపడినది. రెండును ఒకేసారి వచ్చినట్లు కనబడుటచే గేరుబాక్సు పోయినదని, పంపు పోయినదని మాటలు పుట్టినవి. ఆ మాటలు నమ్మి దారిప్రక్కన గేరుబాక్సు విప్పియున్నచో దుమ్ము లోపల చేరెడిది. అధికారము లేని చోట విప్పినందున కంపెనీ హామీ పోవు అవకాశముండెడిది. చాప మాత్రము అక్కడనే ఉండెడిది.

ప్రతి సందర్భమున కారణము ఇంత చిన్నదై యుండదు. కొత్త గేరుబాక్సులో నిజముగనే బేరింగు లోపముతో రావచ్చును. ఇంజెక్టరు లోపముతో రావచ్చును. అప్పుడును ఈ పరీక్షలు వృథా కావు. ఏ గేరులో, ఎంత వేగమున, ఎంత బరువుతో, ఇంజను చల్లగా నున్నపుడా వేడెక్కిన తరువాతనా, పెడలు తొక్కినపుడా వదలినపుడా అని ఒక పుస్తకములో తేదీ, కిలోమీటర్లతో వ్రాసి ఉంచిన యజమాని సర్వీసు కేంద్రమున గట్టిగా మాట్లాడగలడు. "ఏదో శబ్దము వచ్చుచున్నది" అన్నవానికి "కొత్త బండి గదా, సర్దుకొనును" అను జవాబు వచ్చును. "నాలుగవ గేరులో మాత్రమే, బరువుతో, వేడెక్కిన పిమ్మట" అన్నవానికి ఆ జవాబు చెప్పుట కష్టము.

ఉపాధ్యాయులు ఈ పద్ధతిని తరగతిలో ఒక సైకిలుతోనే చూపవచ్చును. సైకిలును తలక్రిందులుగా నిలిపి పెడలు త్రిప్పగా ఎక్కడనో టకటక శబ్దము వచ్చుచున్నదనుకొందము. పెడలు ఆపి చక్రమును దొర్లనిచ్చినచో శబ్దము ఉన్నదా? గొలుసు తీసి పెడలు మాత్రమే త్రిప్పినచో ఉన్నదా? చక్రము ఒక చుట్టునకు ఒకసారి వచ్చుచున్నదా, పెడలు ఒక చుట్టునకు ఒకసారి వచ్చుచున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొన్న విద్యార్థి పానా చేతబట్టక మునుపే లోపమున్న చోటును వేలితో చూపగలడు.